వంత ఉన్న పాట రాయండి

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. కొండపి వైపు మీ ఊరి నుంచి పొగాకు కోతకు బయలుదేరిన ఆటోను తెల్లవారుజామున లారీ ఢీకొన్న ప్రమాదంలో ఆరుగురు ఆడవాళ్ళూ, ఆటో నడిపిన అబ్బాయీ పోయారని, వారిలో మీ అమ్మగారూ మీ వదిన చెల్లెలూ ఉన్నారని రాశారు. వచ్చే ఫిబ్రవరికి మూడేళ్ళు నిండుతాయి కనుక ఆ రోజు ఊళ్ళో పాడటానికి మీరూ మీ వదినా కలిసి ఒక పాట కట్టాలనుకున్నారు, కానీ పల్లవి దాటి సాగడం లేదు. మానుతున్న పుండును కెలకవద్దని మీ నాన్నగారు అంటున్నారు. ఆటో నడిపిన అబ్బాయి పేరు పాటలో ఉండాలా వద్దా అన్నదాని మీద ఊరు రెండుగా చీలింది. ఏడు ఇళ్ళలో ముందు ఎవరి గడప ఎక్కాలో కూడా మీకు తేలడం లేదు. వీటన్నిటికీ నాకు తెలిసినంతవరకు సమాధానం చెబుతాను.

నేను ముప్పై ఏళ్ళు కావలి, కందుకూరు ప్రాంతాల ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పాను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆంధ్ర తీరం మొత్తంలో వంద మందికి పైగా చనిపోయారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాళేలలోనూ ప్రాణాలు పోయాయి, తెప్పలు, వలలు కొట్టుకుపోయాయి. అప్పట్లో మా బడికి వచ్చే ఒక పట్టపుపాళెం, అంటే చేపలు పట్టేవాళ్ళ వాడ, పిల్లలు సెలవుల తరువాత తిరిగి వచ్చి కూర్చున్నారు గానీ నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేవారు తప్ప పలికేవారు కాదు. ఆ పిల్లల కోసమే ఆదివారాల్లో పాళేనికి వెళ్ళడం మొదలుపెట్టాను, కొన్ని నెలలకు అక్కడి అవ్వలతోనూ తల్లులతోనూ కలిసి ఒక పాట తయారైంది. ఆ తరువాత మరో నాలుగైదు ఊళ్ళలో, వేరు వేరు ప్రమాదాల తరువాత, ఇటువంటి పని చేశాను. నేను వైద్యురాలిని కాను. పాట ఏం చేయగలదో, ఏం చేయలేదో దగ్గర నుంచి చూసినదాన్ని మాత్రమే.

ముందుగా మీరు పంపిన పల్లవి గురించి. కన్నీటి కడలిలో మునిగిన పల్లె అని మొదలుపెట్టారు. ఆ మాటల్లో అబద్ధం లేదు, కానీ ఆ పల్లె మీ పల్లె అని చెప్పే గుర్తు ఒక్కటీ వాటిలో లేదు. కడలి, చీకటి, ఆరిన దీపం, రాలిన పువ్వు వంటివి ఎవరి చావుకైనా సరిపోతాయి కనుక ఎవరి చావుకూ పూర్తిగా అతకవు. మీరు ముందుకు సాగలేకపోవడానికి కారణం మీ చేతకానితనం కాదు, ఆ పల్లవి తరువాత చెప్పడానికి ఏమీ మిగలకపోవడమే. దుఃఖం ఎంత పెద్దదో మొదటి వాక్యంలోనే చెప్పేశాక రెండో వాక్యం ఏం చేయాలి? కనుక దుఃఖాన్ని పక్కన పెట్టి చేతులతో మొదలుపెట్టండి. మీ అమ్మగారి చేతులు ఏ పని చేసేవి? ఆకు కోసి వచ్చాక, పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర చెట్టు నీడన కూర్చుని కర్రలకు ఆకు అల్లేటప్పుడు ఆమె పక్కన ఎవరు కూర్చునేవారు, ఎవరు ఆకు అందించేవారు? వేళ్ళకు పట్టిన ఆ నల్లటి జిగురు వదిలించుకోవడానికి ఇంటికొచ్చి దేనితో రుద్దుకునేవారు? వీటికి జవాబులు మీ దగ్గర ఉన్నాయి, మరెవరి దగ్గరా లేవు.

మాటలకంటే ముందు బాణీ దొరకాలి. దాన్ని కొత్తగా కట్టవద్దు, సినిమా పాట నుంచి తేవద్దు. సినిమా బాణీ మీద ఎంత మంచి మాటలు కూర్చినా వినేవాళ్ళకు ముందు ఆ సినిమా గుర్తుకొస్తుంది. పైగా ఆ బాణీలు ఒక గాయకుడో గాయనో ఒంటరిగా పాడటానికి కట్టినవి, వాటిలో శ్రుతి పైకి పోతుంది, వాక్యం పొడుగ్గా సాగుతుంది. ఆ ఆరుగురూ పనిలో ఏదో ఒకటి పాడుకునే ఉంటారు. అది నాట్ల పాట కావచ్చు, కోలాటం పాట కావచ్చు, సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడేది కావచ్చు. వాళ్ళతో పనికి పోయి, ఆ రోజు మాత్రం పోకుండా ఉండిపోయినవాళ్ళు మీ ఊళ్ళో ఉంటారు, వాళ్ళను అడగండి. ఆ బాణీ దొరికితే పాటలో సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే మిగిలిన ఆడవాళ్ళ గొంతులకు అది ఇప్పటికే తెలుసు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు మాట. మీ పాటకు వంత ఉండాలి. మన పని పాటలు చాలావాటిలో ఒకరు చరణం ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు వంత అందుకుంటారు. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా ఇద్దరు వంతలు ఉంటారు. తెప్పను నీళ్ళలోకి తోసేటప్పుడు ఒకడు కేక వేస్తే పదిమంది తిరిగి కేక వేసి భుజం ఆనిస్తారు. పని సులువు కావడానికే ఈ ఏర్పాటు అని పుస్తకాల్లో రాస్తారు, అది నిజమే. కానీ చావు తరువాత పాడే పాటలో దీనికి మరో పని ఉంది. ఏడుపు వచ్చినప్పుడు గొంతు కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి ముక్కలవుతుంది, పాడేవాళ్ళు ఎంత గట్టివారైనా వాక్యం మధ్యలో ఆగిపోతుంది. ఒంటరిగా పాడుతున్న మనిషి అలా ఆగితే పాట ఆగిపోతుంది, అందరూ ఆ మనిషిని జాలిగా చూస్తారు, ఆమె సిగ్గుపడి ఇక జన్మలో పాడదు. వంత ఉన్న పాటలో ఆమె ఆగిన చోటే పదిమంది అందుకుంటారు, ఆమె కొంగుతో మొహం తుడుచుకునే లోపల పాట ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఆమె దగ్గరికి వస్తుంది. పట్టపుపాళెంలో ఒక తల్లి మొదటి రోజు తన కొడుకు పేరు దగ్గర ఆగిపోయింది, రెండో వారం ఆ పేరు పలికి తరువాతి మాట దగ్గర ఆగింది, చాలా వారాలకు చరణం మొత్తం పాడింది. ఆ వారాలన్నీ ఆమెను మోసింది వంతే. పాట వల్ల ఊరట అంటే నేను కళ్ళారా చూసింది అది.

మీకు వంతగా ఏం పెట్టవచ్చో నాకు తోచింది చెబుతాను, నచ్చకపోతే వదిలేయండి. ఆకు అల్లేటప్పుడు ఒకరు అందిస్తే ఒకరు అందుకుంటారు కదా. ‘అందుకో వదినా’ అన్నది వంతగా పెట్టుకుంటే అది ఆకు అందుకోమన్నట్టూ ఉంటుంది, పాట అందుకోమన్నట్టూ ఉంటుంది, మీ ఇద్దరి వరసా అందులోనే ఉంటుంది. నడక కోసం మూడు, నాలుగు మాత్రల చొప్పున సాగే మిశ్రగతిని చూడండి. గురజాడ 1910లో ముత్యాల సరాలకు తీసుకున్నది ఈ నడకనే, మన పల్లె పాటల్లోనూ ఇది విరివిగా వినిపిస్తుంది. హ్రస్వాక్షరం ఒక మాత్ర, దీర్ఘాక్షరమూ, సున్నతో కూడినదీ, జంటాక్షరానికి ముందున్నదీ రెండు మాత్రలు. లెక్క తెలియడానికి రెండు పాదాలు కూర్చి చూపిస్తున్నాను:

తెల్లవారక ముందె లేచిన
అమ్మ చేతుల ఆకు వాసన
అందుకో వదినా

మొదటి పాదాన్ని తెల్ల, వారక, ముందె, లేచిన అని విరిచి చూస్తే మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు వస్తాయి. రెండో పాదమూ అంతే. వంతలో చివరి ‘నా’ను ఊపిరి ఉన్నంత మేర సాగదీయవచ్చు, ఆ సాగదీతలోనే ముందు పాడిన మనిషికి తేరుకునే వ్యవధి దొరుకుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. మాత్రలు సరిపోవడం కోసం మీ ఊరి మాటను తీసేసి పుస్తకం మాట పెట్టవద్దు. ఒక మాత్ర తగ్గితే గొంతు దాన్ని సాగదీసి సర్దుకుంటుంది, మాట పరాయిదైతే ఏ గొంతూ సర్దుకోలేదు. పాళెంలో నేను చేసిన మొదటి తప్పు అదే. వాళ్ళు ఇంట్లో మాట్లాడే మాటలో తమిళపు ఛాయ ఉంటుంది. దాన్ని నేను బడి తెలుగులోకి దిద్ది ఇచ్చినప్పుడు అందరూ వినయంగా పాడారు, ఒక్కరూ ఏడవలేదు. ఒక అవ్వ అడ్డుపడి తన మాటలో తిరిగి పాడిన తరువాతే అది వాళ్ళ పాట అయింది. శ్రుతిని కూడా ఆ వయసు వాళ్ళకు అందేలా కిందికి పెట్టండి, బాణీ ఐదారు స్వరాలు దాటకుండా చూసుకోండి. పక్కవాద్యంగా ఒక డప్పో, తాళాలో చాలు.

చరణాలు ఎలా నడపాలన్నదానికి నాకు తెలిసిన గొప్ప నమూనా మన నెల్లూరు నేల మీద పుట్టినదే. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన తెలుగు చేసిన భారతంలోని పదిహేను పర్వాలలో స్త్రీపర్వం ఒకటి. యుద్ధం ముగిశాక గాంధారి వ్యాసుడి వరం వల్ల రణరంగమంతా చూడగలుగుతుంది, పక్కనున్న కృష్ణుడికి ఒక్కొక్కరినే చూపిస్తూ పోతుంది. ఇడుగో నా కొడుకు, ఇడుగో అభిమన్యుడు, అతని మీద వాలి ఉన్నది ఉత్తర, ఇడుగో కర్ణుడు అని ఎవరి వంతు వారికి ఇస్తుంది. ఇన్ని వేలమంది పోయారని ఒక్క మాటలో దులిపేయదు. పగవాడి పక్షాన పోయినవాడి దగ్గరా ఆగుతుంది. చివర ఆమె కోపం కృష్ణుడి మీద శాపమై బయటపడుతుంది, కవి దాన్ని దాచలేదు. మన ఊళ్ళలో ఆడవాళ్ళు శవం పక్కన కూర్చుని రాగం తీసి శోకాలు పెట్టేటప్పుడు చేసేదీ ఇదే. పోయిన మనిషి ఏం తినేది, ఎవరికి ఏం పెట్టేది, ఏ చీర కట్టేది అంతా వరసగా చెప్పి ఏడుస్తారు. మీ ఊళ్ళో ఆ రోజు అది జరిగి ఉండదు. ప్రమాదంలో పోయినవాళ్ళు ఆసుపత్రి నుంచి పోస్టుమార్టం అయ్యాక గుడ్డ చుట్టుకుని వస్తారు, పొద్దు కుంకే లోపల అంతా ముగించాలని తొందర పెడతారు, ఏడు ఇళ్ళలో ఒకేసారి చావు అయితే ఒక ఇంటి ఆడవాళ్ళు మరో ఇంటికి వెళ్ళి ఏడవడానికి కూడా వీలుండదు. అప్పుడు పెట్టలేకపోయిన శోకం మీ ఊళ్ళో ఇంకా బాకీ ఉంది. మనిషికి ఒక చరణం చొప్పున ఏడు చరణాలు రాయండి, ఒక్కో చరణానికి మూడు నాలుగు పాదాలు మించనివ్వవద్దు, ప్రతి చరణంలోనూ ఆ ఇంటివాళ్ళ నోటి నుంచి వచ్చిన మాట కనీసం ఒకటి ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

ఇక మీ వదిన గురించి. చెల్లెలిని ఆ రోజు పనికి రమ్మని పిలిచింది తానేనని ఆమె పదే పదే అంటోందని, ఆ మాట పాటలో పెట్టాలని పట్టుబడుతోందని రాశారు. ఈ భాగం నిదానంగా చదవండి. ఆ మాటను ఆమె రాయాలి, కానీ పాటలో కాదు, ఒక నోటుపుస్తకంలో. జేమ్స్ పెన్నీబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సహ పరిశోధకురాలితో కలిసి 1986లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమ బతుకులోని పెద్ద దెబ్బ గురించి రాశారు. జరిగినదాన్నీ, అప్పుడు తమకు కలిగిన బాధనూ కలిపి రాసినవాళ్ళు రాసిన వెంటనే మరింత దిగులుపడ్డారు, కానీ తరువాతి నెలల్లో వాళ్ళు వైద్యుడి దగ్గరికి వెళ్ళవలసిన అవసరం తగ్గింది. కనుక రాసిన రోజు రాత్రి మీ వదిన ఎక్కువగా ఏడిస్తే భయపడవద్దు, ఆ రాత్రి ఆమెను ఒంటరిగా మాత్రం వదలవద్దు. అదే మాట పాటలోకి ఎక్కితే ఏమవుతుందో ఆలోచించండి. ఏటా అదే రోజున ఊరంతా కలిసి నువ్వే పిలిచావు అని ఆమెకు చెప్పినట్టవుతుంది. పాటలోకి రావలసింది ఆ పిలుపు వెనక ఉన్నది. అక్క పిలిస్తే చెల్లెలు ఎందుకు వచ్చేది, ఇద్దరూ ఒకే కర్రకు అటు ఒకరు ఇటు ఒకరు కూర్చుని ఆకు అల్లేవారా, ఆ కూలి డబ్బుతో చెల్లెలు ఏం కొనాలనుకుంది, ఇవి రాయమనండి.

ఆమె నిద్రపోకుండా రోజులు గడుపుతున్నా, తిండి మానేసినా, తాను కూడా పోయి ఉంటే బాగుండేదని అంటున్నా, పాటను పక్కన పెట్టి ముందు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. ఆటో చప్పుడు వింటేనే వణుకు పుట్టడం, ఆ దారిన పోలేకపోవడం మూడేళ్ళయినా తగ్గకపోతే దానికి చికిత్స ఉంది, అది పాట వల్ల నయమయ్యేది కాదు. ఈ మాట చెప్పకుండా పాట గొప్పదనం మాత్రమే చెబితే మీకు అన్యాయం చేసినదాన్ని అవుతాను.

మీ నాన్నగారితో వాదించవద్దు. గాయం కెలకవద్దన్న ఆయన మాటలో కొంత సత్యం ఉంది. చావు జరిగిన వెంటనే మనుషులను కూర్చోబెట్టి బలవంతంగా మాట్లాడించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది. మూడేళ్ళ తరువాత, పాడాలన్న ఇష్టం ఉన్నవాళ్ళు మాత్రమే చేరి పాడుకోవడం వేరు. ఆయనను పాడమని గానీ వినమని గానీ అడగకండి. మీరూ మీ వదినా సాయంత్రాలు ఇంటి అరుగు మీదే కూర్చుని పాట సరిచూసుకుంటూ ఉండండి. ఒక మాట తప్పు అనిపించినప్పుడు ఆయనే లోపలి నుంచి సరిచేసే రోజు రావచ్చు, రాకపోయినా ఆయన దుఃఖం ఆయనది.

ఊరి కుర్రవాళ్ళు స్టూడియోలో రికార్డు చేసి యూట్యూబులో పెడతామంటున్నారని కూడా రాశారు. మొదటి ఏడాది వద్దని చెప్పండి. కెమెరా ముందు ఉందని తెలిస్తే ఏడవాలనుకున్న మనిషి ఏడవదు, ఏడవకూడదనుకున్న మనిషి ఏడుపు రేపు ఎవరి స్టేటస్‌లోనో తిరుగుతుంది.

ఇక ఆటో నడిపిన అబ్బాయి సంగతి. ఆ వేళ అతను నిద్రమత్తులో ఉన్నాడని ఒకరు, తప్పు లారీదేనని ఇంకొకరు అంటున్నారు. ఆ వాదాన్ని తేల్చే చోటు కోర్టు, మీ పాట కాదు. కానీ అతని పేరు వదిలేయడం కూడా ఒక తీర్పే అవుతుందని గుర్తుంచుకోండి. నేను చేసిన రెండో తప్పు ఇక్కడ చెప్పాలి. పాళెంలో పాట కట్టినప్పుడు, పక్క పాళెం నుంచి అమ్మమ్మ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి అలకు బలైన ఒక పసివాడిని మేము చేర్చలేదు. ఊరివాడు కాడు కదా అని పెద్దవాళ్ళు అన్నారు, నేను తల ఊపాను. పాట పాడుతున్న రోజు వాడి అమ్మమ్మ చివరి చరణం దాకా కూర్చుని, వాడి పేరు రాదని తేలాక లేచి ఇసుకలో నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ తరువాత వాడికి చరణం రాశాం, ఆమె ఇంటికి వెళ్ళి పాడాం, ఆమె విన్నది. కానీ ఆ పాటలో ఆమె ఎన్నడూ గొంతు కలపలేదు.

మీ ఊళ్ళో ఆ అబ్బాయి భార్య ఉంది, చిన్న బిడ్డ ఉన్నాడని మీరే రాశారు. ఈ మూడేళ్ళలో ఆమె బావి దగ్గరా, బ్యారన్ దగ్గరా ఎన్ని చూపులు మోసిందో మనకు తెలియదు. ఏడు ఇళ్ళలో ముందు ఎవరి ఇంటికి వెళ్ళాలని అడిగారు కదా, ఆమె ఇంటికే వెళ్ళండి. మిగిలిన ఇళ్ళన్నీ అయ్యాక వెళితే తన దగ్గరికి ఆఖరున వచ్చారని ఆమెకు తెలిసిపోతుంది, అప్పుడు మీరు ఏం అడిగినా జవాబు రాదు. మీరు ఒక్కరే కాకుండా వదినతో కలిసి, పగటిపూట, పదిమందీ చూసేలా వెళ్ళండి. పాట సంగతి మొదటి రోజే ఎత్తవద్దు. రెండోసారి వెళ్ళినప్పుడు, చీకటితోనే ఆటో తీసేటప్పుడు ఆమె భర్త ఏం పాడుకునేవాడో, వెనక కూర్చున్న ఆడవాళ్ళను ఏమని పిలిచేవాడో అడగండి. మీ అమ్మగారిని అతను అత్తా అనేవాడో, పెద్దమ్మా అనేవాడో ఆమెకు తెలిసే ఉంటుంది. చెబితే అతని చరణం ఆ పిలుపుతోనే మొదలుపెట్టండి. చెప్పకపోతే ఆ చరణానికి చోటు ఖాళీగా ఉంచి, మిగిలిన ఆరు చరణాలతో ఆమె ఇంటి ముందు నుంచే పాడటం మొదలుపెట్టండి, ఏడో చరణం దగ్గర వంత మాత్రం పాడండి.